రైసూత్ దాకా వచ్చిన రోషం

వాక్కై వెలసి, వాక్కుగానే మనుష్యులతో మాటలాడి, మాటలాడిన ప్రతిసారీ వారి చేత మాట పడిన ఆ పరాత్పరునికి మోకరిల్లి, ఛందస్సునూ లేఖనాన్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చెప్పిన మా మామయ్య పాదాలను తలచుకొని, విశ్వావసు నామ సంవత్సర కార్తిక శుద్ధ నవమీ శుక్రవారం నాడు, మస్కట్టు నగరంలో, సముద్రం కనబడని ఒక మూడవ అంతస్తు గదిలో ఈ అధ్యాయానికి ఉపక్రమిస్తున్నాను. క్రైస్తవుడు తిథులు చెప్పుకోవడమేమిటని మా అమ్మాయి స్నేహితులు నవ్వుతారు. అది మామయ్య నేర్పిన అలవాటు. ఈ దేశంలో ఆదివారపు ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. "వారం వాళ్ళది వాడుకుందాం, తిథి మనది ఉంచుకుందాం" అని ఆయన ప్రతి ఉదయం వంటింటి తలుపు మీద సుద్దముక్కతో తిథి రాసేవారు.

మొన్న ఆయన కూతురు కరుణ సలాలా నుంచి మా ఇంటికి వచ్చింది. భర్త శాంతయ్య పోయి ఏడాది కావస్తోంది. ఇక్కడి కాగితాలు ముగించుకొని ఇండియా వెళ్ళిపోయే ముందు కొన్నాళ్ళు మా దగ్గర ఉండమని నా భార్య సరోజినియే పిలిచింది. ఉదయం బాల్కనీలో కూర్చొని కరుణ లేఖనం తెరిచింది. ఏం చదువుతున్నావని అడిగాను. "చెర అధ్యాయాలు, బావా. మీరు నా మాట వినకపోతే మిమ్మల్ని పరదేశానికి పంపేస్తానని దేవుడు హెచ్చరిస్తాడే, అవి" అంది. కావాలంటే నేను వివరిస్తానన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, ఎంతో మామూలుగా, "ఆయన చదివితే అర్థమయ్యేవి. ఇప్పుడు ఉత్త అక్షరాలు కనబడుతున్నాయి" అంది. ఆయన, అంటే శాంతయ్య. సలాలా పక్కనున్న రైసూత్ రేవులో క్రేను నడిపిన మనిషి. నేను భాషాప్రవీణ పట్టం పుచ్చుకున్నవాణ్ణి, హెచ్చరికల ప్రవచనాల మీద జీవితంలో సగభాగం వెచ్చించినవాణ్ణి. లోపలి నుంచి టీ తెస్తున్న సరోజిని ఒక్క చూపులో సంగతి గ్రహించింది. "అదిగో, ఆ ముఖం చూడు కరుణా! సమాధిలో ఉన్నవాడి మీద కూడా అసూయే ఈయనకి" అని నవ్వింది. కరుణ కూడా నవ్వింది. నేను నవ్వలేదు. అసూయే. ఆ మాటను నేను ఏనాడూ ఖండించలేదు. తీర్పును గురించీ, చెరను గురించీ ప్రవక్తలు పలికిన మాటలను నాకు విప్పి చెప్పింది గురువులు కారు, వ్యాఖ్యానాలు కావు. ఈ అసూయే చెప్పింది. అది ఎలా చెప్పిందో రాయడానికే ఇవాళ కూర్చున్నాను.

ఆ రోజుల్లో మామయ్య ఇల్లు మస్కట్టు శివారు ఘాలాలో, గరాజుల వెనక సందులో ఉండేది. రెండు గదులు, ఒక వంటిల్లు. కోనసీమలో తెలుగు పండితుడిగా పనిచేసిన మామయ్య, బడి మూతపడ్డాక ఈ దేశం వచ్చి, ఒక కంపెనీ గరాజులో విడిభాగాల స్టోరు చూసేవారు. సాయంత్రం ఇంటికి రాగానే ముందు కిరసనాయిలుతో, తరవాత సబ్బుపొడితో, ఆఖరున నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేవారు. గోళ్ళ సందుల్లో నలుపు పోయిందని నమ్మకం కుదిరితే గాని గ్రంథం ముట్టుకునేవారు కారు. అత్తయ్యకు చింతపండు కరవు. ఒమాను వాళ్ళు వాడే నల్లని ఎండు నిమ్మకాయలను చిల్లు పొడిచి పులుసులో వేసేది. ఆ పులుసు వాసన, పక్కింటి ముసలమ్మ శుక్రవారం ఉదయం మా గుమ్మందాకా తెచ్చి తిప్పే లుబాను ధూపం, సందులోంచి వచ్చే ఇంజనాయిలు కమురు, ఈ మూడూ కలిసిన గాలి నా యౌవనం. లుబానును మొదటిసారి పీల్చినప్పుడు అత్తయ్య, "ఇది సాంబ్రాణి కాదు బాబూ, సాంబ్రాణికి అక్క" అంది. పట్టా చేతికి వచ్చిన ఏడాదే నేను ఆ ఇంటికి చేరాను. పగలు అదే కంపెనీలో గుమాస్తా పని, సాయంత్రం మామయ్య దగ్గర పాఠం. కరుణ ఒక క్లినిక్కులో టైపు చేసేది. మేనమామ కూతురు నాకన్న సంగతి మా చిన్ననాడే స్థిరపడింది. ఎవరూ ఆ మాట పైకి అనలేదు, ఎవరూ కాదనలేదు. గాలి పీల్చినట్టే నేను దాన్ని నమ్మాను.

శుక్రవారం పొద్దున్నే ఆ ముందు గది నిండేది. సైట్ల నుంచి నిజామాబాదు, కరీంనగరం వైపు కుర్రవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే కడప ఆడవాళ్ళు కంపెనీ బస్సులు పట్టుకొని వచ్చేవారు. మామయ్యకు ఒక పద్ధతి ఉండేది. ఓదార్పు అధ్యాయాలు చలికాలంలో, తీర్పు అధ్యాయాలు వేసవిలో చదివించేవారు. అంతటితో ఆగక, తీర్పు చదువుతున్నంతసేపూ ఏ.సీ. ఆపించేవారు. చల్లగా కూర్చొని వింటే ఆ మాటలు వేరెవరికో చెప్పినట్టు ఉంటాయని ఆయన వాదం. కడప నుంచి వచ్చిన మేరమ్మ చెంగుతో విసురుకుంటూ, "ఏం సార్, తీర్పు ఇంగా రాకముందే మమ్మల్ని ఉడకేస్తా ఉండారే!" అనేది. మామయ్య చిరునవ్వుతో, "రుచి చూపిస్తున్నానమ్మా, వడ్డన తరవాత" అనేవారు.

ఆ వేసవికి ముందే నేను ఒక మహత్కార్యం తలపెట్టాను. చెర గురించిన హెచ్చరికలన్నిటినీ ఉత్పలమాలలుగా, చంపకమాలలుగా కూర్చాను. ముట్టడి పడిన పట్టణం, కాలిన గుమ్మాలు, సంకెళ్ళలో రాజు, తీగ వాడిన ద్రాక్షతోట, అన్నీ అలంకారాలతో నిండి ఉండేవి. నాకు ఆ రోజుల్లో ప్రవక్త అంటే న్యాయాధిపతి కింద నిలబడి తీర్పు చదివే ఉద్యోగి. కంఠం ఎంత గంభీరంగా ఉంటే అంత గొప్ప ప్రవక్త. మామయ్య కళ్ళు మూసుకొని అంతా విన్నారు. "యతి సరిపోయింది. ప్రాస సరిపోయింది. ఏడుపే ఎక్కడా లేదురా అబ్బాయీ" అన్నారు. మరి ఏడవవలసింది శిక్ష పడినవాళ్ళు గదా అన్నాను. ఆయన చేతులకు నిమ్మచెక్క అందుకున్నారు.

ఆ పద్యాలు విన్న గదిలోకే శాంతయ్య వచ్చాడు. ఊరు నిజామాబాదు దగ్గర పల్లె, పని రైసూత్ రేవులో, అప్పుడప్పుడూ కంపెనీ పని మీద ఘాలా వచ్చేవాడు. ముందుపళ్ళ మధ్య సందు, అందులోంచి బయటపడే పెద్ద నవ్వు. మొదటి రోజే మామయ్య ఎవరికైనా సందేహముందా అని అడిగితే చెయ్యెత్తాడు. "పెద్దయ్యా, తప్పుగ అనుకోవద్దు. గీ దేవుడు మా అర్బాబ్ లెక్కనే ఉన్నడు గదా! ఎల్లిపో ఎల్లిపో అని లొల్లి జేస్తడు, పాస్‌పోర్టు మాత్రం ఇయ్యడు." యజమాని కింద నలిగినవాళ్ళు ఆ గదిలో అందరూ. నవ్వులతో గోడలు అదిరాయి. నాకు సహింపరానిదేమంటే, వంటింటి గడప మీద కూర్చున్న కరుణ కూడా నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. అంతకన్న సహింపరానిది, మామయ్య కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, "బాగా చెప్పావయ్యా! పంపుతానంటాడు, వదలనంటాడు. రెండూ ఒకే నోట" అని ఆ మాటనే ఆనాటి ప్రసంగానికి తలకట్టుగా పెట్టుకున్నారు. నా చంపకమాలలు పక్క గదిలో పెట్టెలో ఉన్నాయి.

తరవాతి రాకలో శాంతయ్య సలాలా నుంచి కొబ్బరిబొండాలు తెచ్చాడు. ఈ ఎడారి దేశానికి దక్షిణపు కొసన కొబ్బరిచెట్లు ఉంటాయని అత్తయ్యకు అప్పటిదాకా తెలియదు. ఒక బొండాన్ని ఒళ్ళో పెట్టుకొని, చంటిబిడ్డను నిమిరినట్టు నిమిరి, కోనసీమ తలచుకొని ఏడ్చింది. నేను ఆ ఇంటికి తెచ్చిన పద్యాలకు ఆమె ఒక్కనాడూ ఏడవలేదు. అతడు వచ్చిన రోజున కరుణ జడలో పువ్వు ఉండేది. ఈ ఎడారిలో ఆ పువ్వు ఎక్కడిదో నేను విచారించి తెలుసుకున్నాను. పక్కింటి ముసలమ్మ కుండీలోది. అతడు టీ తాగిన గ్లాసు కరుణ స్వయంగా కడిగేది. నా గ్లాసు అత్తయ్య కడిగేది. ఇట్టివన్నీ కనిపెట్టడంలో నా పాండిత్యం అపారం. గ్లాసు మీద అసూయపడినవాణ్ణి నేను. అతడు వెళ్ళిపోయాక ఆ నవ్వును వెక్కిరించేవాణ్ణి, అతని యాసను అనుకరించేవాణ్ణి. కరుణ వినీ విననట్టు పప్పు ఏరుకొనేది. ఒకసారి మాత్రం, "బావా, నీకు ఆయన యాస బాగా పట్టుబడింది. రోజూ మాట్లాడు, వినబుద్ధేస్తోంది" అంది. ఆ పూట నేను అన్నం తినలేదు.

మా వైపు ఒక ఆచారముంది. మేనరికపు వరస ఉన్నవాణ్ణి కాదని పిల్లను బయటికి ఇవ్వవలసి వస్తే, ముందు ఆ మేనబావను పీట మీద కూర్చోబెట్టి, కొత్త బట్టలు పెట్టి, నలుగురిలో అతని నోటితో "సరే" అనిపించుకోవాలి. అతడు అనకపోతే పెళ్ళి సాగదు. శాంతయ్య పిల్లనడిగాడనీ, కరుణ ఒప్పుకుందనీ, వచ్చే శుక్రవారం నన్ను పీట మీద కూర్చోబెడతారనీ మామయ్య చెప్పారు. చెప్పి, "ఈ శుక్రవారం చదివే వంతు నీది. చెర అధ్యాయం" అన్నారు. ఆయన కావాలనే అలా అమర్చారో, వరస ప్రకారం వచ్చిందో నాకు నేటికీ తెలియదు.

ఆ వారం రోజులూ అధ్యాయాన్ని ముందు పెట్టుకొని కూర్చున్నాను. పద్యాలు చేసినప్పుడు కనబడనిది అప్పుడు కనబడింది. అది తీర్పు పత్రం కాదు. తీర్పు చెప్పేవాడు పాత రోజులను తలచుకోడు. ఇక్కడ దేవుడు రెండు శాపాల నడుమ ఆగి, ఎడారిలో తన వెంట నడిచిన తొలినాళ్ళ ప్రేమను గుర్తు చేస్తున్నాడు. తాను ఏమేమి ఇచ్చాడో ఏకరువు పెడుతున్నాడు. తనలో ఏం తక్కువైందని అడుగుతున్నాడు. తన స్థానంలో ఎవరిని తెచ్చుకున్నారో ఆ దిక్కుమాలిన బొమ్మల పేర్లు పలకడానికి కూడా అసహ్యించుకుంటున్నాడు. పొండి, పొండి, ఎక్కడికి పోతారో పొండి అంటూ, ఆ ఊపిరిలోనే తిరిగి రండి అంటున్నాడు. ఇది న్యాయస్థానపు భాష కాదు. ఇది నా భాష. ఆ వారమంతా నా లోపల నేను కరుణతో మాట్లాడుతున్న భాష. లేఖనం దేవుణ్ణి రోషం గలవాడని ఎందుకు అంటుందో, అంతటి పరిశుద్ధునికి అంత సామాన్యమైన గుణాన్ని ఎందుకు అంటగట్టిందో నాకు ఆనాడు తెలిసింది. రోషం లేనివాడు హెచ్చరించడు. పోతే పోనిమ్మంటాడు.

శుక్రవారం వచ్చింది. ఏ.సీ. ఆపారు. పద్యాలు పక్కన పెట్టి వచనమే చదివాను. గదిని చూడలేదు, వంటింటి గడపనే చూశాను. నేను నీకేం తక్కువ చేశానని అర్థం వచ్చేచోట ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాను. నిన్ను ఎరగని దేశానికి, నీ భాష కాని భాష మధ్యకు పోతావని వచ్చేచోట రైసూత్ రేవు నా కళ్ళ ముందు ఉంది. చదవడం ముగిసేసరికి విసనకర్రలు ఆగిపోయాయి. మేరమ్మ బహిరంగంగా ఏడుస్తోంది. "నా మొగుడే ఎదురుగా కూర్చోని అడిగినట్టుండాది సార్" అంది. శాంతయ్య తల వంచుకొని ఉన్నాడు. నవ్వు లేదు. కరుణ లేచి లోపలికి వెళ్ళి, అవసరం లేకపోయినా పొయ్యి వెలిగించింది.

అందరూ వెళ్ళాక ఆమె నా ఎదుట నిలబడింది. "ప్రవక్త నోరు అరువు తెచ్చుకొని నన్ను తిట్టావు కదూ?"

"తిట్టలేదు. హెచ్చరించాను."

"నన్ను ఎవరూ చెరపట్టుకుపోవడం లేదు బావా. నా కాళ్ళతో నేను వెళ్తున్నాను." ఇంకేదో అనబోయి, గొంతు తగ్గించి, "అయినా నువ్వు అంత బాగా చదువుతావని నాకు తెలియదు" అంది. అప్పుడు అడిగి ఉంటే ఏమనేదో అని నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. నేను అడగలేదు.

మామయ్య ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటూనే మాట్లాడారు. "ఇన్నాళ్ళకు చదివావు. ఆ రోషం నిజమైనదే. అది లేకుండా ఆ మాటలు నోట పట్టవు. కాని సగమే చదివావురా. వాళ్ళను చెరకు పంపినవాడు ఆ తరవాత ఎక్కడున్నాడు?"

"తన పట్టణంలో, తన మందిరంలో" అన్నాను.

"కాదు. మందిరం వదిలి వాళ్ళు పోయిన దిక్కుకే పోయాడు. వాళ్ళ మీద కోపం చల్లారకుండానే వాళ్ళ వెంట నడిచాడు. ఇంట్లో కూర్చొని శాపం పెట్టడం ఎవరికైనా వస్తుంది. నువ్వు సరే అంటావో అనవో నీ ఇష్టం. అనకపోతే పిల్లను ఇవ్వను, ఆచారం తప్పను. అంటే మాత్రం, పెళ్ళికూతుర్ని రైసూత్ దాకా దిగబెట్టవలసింది మేనబావే. అదీ ఆచారమే."

మరుసటి శుక్రవారం పీట మీద కూర్చోబెట్టారు. కొత్త ధోవతి, పైపంచ, అత్తయ్య ఎక్కడ సంపాదించిందో నాలుగు తమలపాకులు. మామయ్య అడిగారు. శాంతయ్య చేతులు వెనక్కి కట్టుకొని, తీర్పు వినేవాడిలా నిలబడ్డాడు. కాదనడానికి నాకు సర్వాధికారం ఉంది. ఆ అధికారపు రుచిని నేను తనివితీరా అనుభవించాను, దాచను. కాని ఒక్క ఆలోచన నన్ను ఓడించింది. నేను కాదంటే ఆమె ఈ ఇంట్లోనే ఉంటుంది, మనసు మాత్రం రైసూత్‌లో ఉంటుంది. నేను లేని చోట ఉంటుంది. నేను సరే అంటే, ఆ దారంతా ఆమె వెంట ఉండేది నేను కూడా. "సరే" అన్నాను. జనం దాన్ని త్యాగమన్నారు. అత్తయ్య నా తల నిమిరి, బంగారం లాంటి మనసన్నది. అది త్యాగం కాదు. నన్ను వెనక వదిలి ఆ ప్రయాణం సాగడం భరించలేక అన్న మాట.

పెళ్ళి అయిన మర్నాడు తెల్లవారుతూనే సలాలా బస్సు ఎక్కాము. వాళ్ళిద్దరూ ఒక సీటులో, వాళ్ళ వెనక సీటులో నేనూ, పెళ్ళికూతురి ట్రంకుపెట్టీ. నిజ్వా కొండలు దాటాక భూమి బల్లపరుపై, చెట్టూ పుట్టా లేక, రోజంతా ఒకే గీతలా సాగింది. దారిలో టీ దుకాణం దగ్గర ఆగినప్పుడు శాంతయ్య నాకు ముందుగా గ్లాసు అందించి, "పంతులూ, ముంగట కిటికీ కాడ నువ్వు కూసో, గాలొస్తది" అన్నాడు. వద్దన్నాను. ఆ సీటులోంచి చూస్తే వాళ్ళు కనబడరు. మధ్యాహ్నం ఎండలో కరుణ అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. అతడు మెడ కదపకుండా కూర్చున్నాడు. ఆమె తల మీద ఎండ పడుతుంటే నేను వెనక నుంచి నా కొత్త పైపంచ విప్పి కిటికీకి అడ్డం కట్టాను. కడుతున్నప్పుడు కూడా నాలోని మంట ఒక్క పిసరు తగ్గలేదు. అక్కడే, ఆ బస్సులోనే నాకు మిగతా సగం అధ్యాయం అర్థమైంది. చెరలోకి వాళ్ళ వెంట వెళ్ళిన దేవుడు శాంతించి వెళ్ళినవాడు కాడు. ఆ రోషంతోనే వెళ్ళాడు. వెనక ఉండిపోవడం రోషానికి చేతకాదు. హెచ్చరించిన నోరూ, నీడ పట్టిన చెయ్యీ ఒకరివే.

సాయంత్రానికి కొండ దిగుతుంటే ఎడారి ఒక్కసారిగా పచ్చబడింది. అక్కడి వానాకాలపు తుంపర, పొగమంచు, కొబ్బరిచెట్లు. కరుణ నిద్ర లేచి, అన్నీ మరచి, "బావా, మన ఊరే!" అని మొట్టమొదట నా వైపే తిరిగింది. ఆ ఒక్క చూపు నాది. దాన్ని నేను శాంతయ్యకు ఇవ్వలేదు. రైసూత్‌లో సిమెంటు దుమ్మూ చేపల వాసనా నిండిన ఒక గదిలో పెట్టె దించి, మంచినీళ్ళు తాగి, మర్నాటి బస్సుకు తిరిగి వచ్చాను. ఏం అర్థమైందిరా అని మామయ్య అడిగారు. ఏమీ లేదన్నాను. అది నాకే ఉంచుకున్నాను.

ఇప్పుడు ఆ దారి వెడల్పయింది. మా అమ్మాయి సలాలా వెళ్ళివస్తే దాన్ని విమానంలో దాటుతుంది, బల్లపరుపు నేల ఆమెకు మేఘాల కింద ఉంటుంది. ఆరాధనకు పెద్ద హాలు, నిండా చల్లదనం. ఫోను తెరల మీద కొత్త బోధకులు తీర్పు వచనాలతో లోకపటం గీస్తున్నారు. ఏ దేశం ఎప్పుడు కూలుతుంది, ఏ యుద్ధం ఏ అధ్యాయంలో ఉంది, వీసా దొరకనివాడి మీద ఏ శాపం ఉంది అని లెక్క కడుతున్నారు. వాళ్ళకు లక్షల మంది శ్రోతలు. వాళ్ళ మీదా నాకు అసూయే, అయితే అది చిన్నది. వాళ్ళు చెబుతున్నది నా ఉత్పలమాలల వంటిది. ఎవరినీ పోగొట్టుకోని కంఠంతో చదువుతున్నారు.

నిన్న సాయంత్రం కరుణను అడిగాను. శాంతయ్య ఆ అధ్యాయాలు ఎలా చదివేవాడని. "బాగా చదివేవారు కాదు బావా. తడబడేవారు. ఆ శుక్రవారం నువ్వు చదివినట్టు చదవాలని చూసేవారు. ఎంత ప్రయత్నించినా పంతులు గొంతు రాదేందే అని బాధపడేవారు. జీవితాంతం నీ మీద ఆయనకు అదొక్కటే కుళ్ళు." సరోజిని నా చేతిలోని ఖాళీ గ్లాసు తీసుకొని లోపలికి వెళ్ళింది. శాంతయ్య ఊరికి వెళ్ళడం దేనికి, ఇక్కడే ఉండిపోవచ్చుగదా, లేదా కోనసీమలో మనవాళ్ళున్నారు గదా అన్నాను. శాంతయ్య దేహాన్ని నిజామాబాదు దగ్గర అతని పల్లెకు పంపి అక్కడే పాతిపెట్టారు. కరుణ ఆ ఊళ్ళో ఒక్క నెల కూడా ఉన్నది కాదు. ఆ యాస తప్ప అక్కడిదేదీ ఎరగదు. "ఆయన ముందు వెళ్ళారు. నేను వెనక వెళ్తున్నాను" అంది.

ఇవాళ మార్గశిర శుద్ధ అష్టమి, శుక్రవారం. కరుణ ఉదయం విమానంలో హైదరాబాదు మీదుగా శాంతయ్య ఊరికి వెళ్ళిపోయింది. విమానాశ్రయానికి సరోజిని వెళ్ళింది. నేను వెళ్ళలేదు. వెనక ఉండిపోవడం ఈసారి నాకు చేతనైంది.